చిటికెడు పొడి, కోటి రూపాయల ప్రశ్న

కొత్త ప్రయోగశాలలకు చిరునామాగా మారుతున్న కోల్‌కతా న్యూ టౌన్‌లో ఎక్స్‌రే డిఫ్రాక్టోమీటర్ కొనడమంటే బ్రోషర్లు తిరగేసి ఒక యంత్రాన్ని ఎంచుకోవడం కాదు. వచ్చే పదిహేనేళ్లలో ఏ పరిశోధన చేయాలో, దేన్ని వదులుకోవాలో ముందే తేల్చుకోవడం.

జులైలో న్యూ టౌన్‌లో చల్లటి నీళ్ల గ్లాసును బల్ల మీద పెడితే నిమిషం తిరగకుండానే దానికి చెమటలు పడతాయి. గ్లాసుకైతే నష్టమేమీ లేదు. అదే చెమట 40,000 వోల్టుల విద్యుత్తుతో పనిచేసే ఎక్స్‌రే ట్యూబ్‌కు పడితే మాత్రం ఆ విభాగం బడ్జెట్‌కు చిల్లు పడ్డట్టే. ఈ ట్యూబ్‌ను చల్లగా ఉంచడానికి దాని చుట్టూ సుమారు 20 డిగ్రీల నీరు తిరుగుతూ ఉండాలి. గదిలో 30 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉంటే 27 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ప్రతి వస్తువు మీదా నీటి బిందువులు పేరుకుంటాయి. రాత్రిపూట ఏసీ ఆగిపోయి, నీటిని చల్లబరిచే చిల్లర్ మాత్రం నడుస్తూ ఉంటే ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. జర్మనీలోనో జపాన్‌లోనో తయారైన యంత్రం వివరాలు ముద్రించిన కరపత్రంలో ఈ సంగతి పెద్ద అక్షరాల్లో కనిపించదు.

రాజర్‌హాట్ పొలాలు, చెరువుల మీద లేచిన న్యూ టౌన్‌ను 1999లో ఏర్పాటైన హిడ్కో సంస్థ ప్రణాళికాబద్ధంగా నిర్మిస్తూ వచ్చింది. ఐటీ కంపెనీల అద్దాల భవనాల మధ్యే ఇప్పుడు ప్రెసిడెన్సీ విశ్వవిద్యాలయం రెండో ప్రాంగణం, ఆలియా, సెయింట్ జేవియర్స్, ఎమిటీ విశ్వవిద్యాలయాలు, ఐఐటీ ఖరగ్‌పూర్ రీసెర్చ్ పార్క్ ఉన్నాయి. పక్కనే ఉన్న సాల్ట్ లేక్‌లో సాహా ఇన్‌స్టిట్యూట్, ఎస్.ఎన్. బోస్ జాతీయ కేంద్రం, యూజీసీ-డీఏఈ కన్సార్షియం కోల్‌కతా కేంద్రం వంటి పాత కాపులు ఉన్నారు. ఇలాంటి చోట భౌతిక, రసాయన, భూగర్భ, ఫార్మసీ శాస్త్రాల్లో ఏ విభాగం కొత్తగా పరిశోధన మొదలుపెట్టినా అడిగే మొదటి పెద్ద పరికరాల్లో పౌడర్ ఎక్స్‌రే డిఫ్రాక్టోమీటర్ ఒకటి. బల్ల మీద పట్టే చిన్న యంత్రానికే పదుల లక్షల రూపాయలవుతాయి. పూర్తిస్థాయి యంత్రమైతే కోటి దాటడం మామూలే. ఒకసారి కొన్నాక మళ్లీ అంత సొమ్ము ఒక విభాగానికి దక్కాలంటే పదేళ్లో పదిహేనేళ్లో పడుతుంది. ఎంపిక తప్పితే మూల్యం చెల్లించేది సంతకం పెట్టిన అధికారి కాదు, అయిదేళ్లలో పీహెచ్‌డీ ముగించాల్సిన విద్యార్థి.

పొడికీ వేలిముద్రలుంటాయి
ఇంతకీ ఈ యంత్రం చేసే పనేమిటి? సుద్దముక్కనూ ముత్యపు చిప్పనూ రసాయన పరీక్ష చేస్తే రెండింటిలోనూ ఉన్నది కాల్షియం కార్బొనేటే అని తేలుతుంది. కానీ సుద్దలో అణువుల అమరిక కాల్సైట్ రకానిది, చిప్ప లోపలి మెరుపు పొరలో ఉన్నది అరాగొనైట్. పదార్థం ఒకటే, పేర్పు వేరు. ఆ పేర్పును బయటపెట్టేది ఎక్స్‌రే డిఫ్రాక్షన్. పొడిలో లక్షలాది సూక్ష్మ స్ఫటికాలు అన్ని దిక్కులకూ తిరిగి ఉంటాయి. వాటిపై ఒకే తరంగదైర్ఘ్యమున్న ఎక్స్‌రే కిరణాలు పడినప్పుడు కొన్ని నిర్దిష్ట కోణాల్లో మాత్రమే బలంగా వెనక్కి వస్తాయి. ఆ కోణాల వరుసే పదార్థానికి వేలిముద్ర. రాగి ట్యూబ్ వాడితే కాల్సైట్ ప్రధాన శిఖరం 29.4 డిగ్రీల దగ్గర, అరాగొనైట్‌ది 26.2 డిగ్రీల దగ్గర కనిపిస్తాయి.

వేలిముద్ర తేడా ఎంత దూరం వెళ్తుందో హైదరాబాద్ ఔషధ పరిశ్రమకు బాగా తెలుసు. ఎయిడ్స్ మందు రిటోనవిర్ 1996లో మార్కెట్లోకి వచ్చింది. రెండేళ్లకు అదే అణువు మరో స్ఫటిక రూపంలో ప్రత్యక్షమైంది. అది సరిగా కరగదు కాబట్టి 1998లో క్యాప్సూళ్లను ఉపసంహరించుకోవాల్సి వచ్చింది. ఇమాటినిబ్ మెసిలేట్ అనే క్యాన్సర్ మందు బీటా స్ఫటిక రూపానికి పేటెంట్ కోరిన నోవార్టిస్ వాదనను 2013 ఏప్రిల్ 1న సుప్రీం కోర్టు తోసిపుచ్చింది. బాచుపల్లిలోనైనా న్యూ టౌన్‌లోనైనా మందు బిళ్లలో ఉన్నది ఏ రూపమో చెప్పడానికి మొదట ఆశ్రయించేది ఈ యంత్రాన్నే.

బౌబజార్ వారసత్వం
ఈ విద్య కోల్‌కతాకు కొత్త కాదు. స్ఫటికాలు ఎక్స్‌రేలను చెదరగొడతాయని 1912లో జర్మనీలో మాక్స్ ఫాన్ లావ్ బృందం చూపింది. ఆ కోణాల లెక్కను ఇంగ్లండ్‌లో బ్రాగ్ తండ్రీకొడుకులు తేల్చి 1915 నోబెల్ అందుకున్నారు. పెద్ద స్ఫటికం అక్కర్లేదు, పొడి చాలన్నది 1916లో డెబై, షెరర్‌ల మాట. అమెరికాలో ఆల్బర్ట్ హల్ విడిగా అదే దారి కనుగొన్నారు. ఆ తర్వాత పదేళ్లు తిరక్కముందే సి.వి. రామన్ నేతృత్వంలో బౌబజార్ వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో ఎక్స్‌రే పని మొదలైంది. కేదారేశ్వర్ బెనర్జీ 1930లో నాఫ్తలీన్, ఆంత్రసీన్ స్ఫటికాల నిర్మాణంపై ఫలితాలు ప్రకటించారు. సూరి భగవంతం 1928లో రామన్ దగ్గర చేరింది ఇక్కడే. తర్వాత ఆయన 1932లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్లి స్ఫటిక సౌష్ఠవంపై ప్రపంచానికి తెలిసిన నిపుణుడయ్యారు.

సత్యేంద్రనాథ్ బోస్ కథ మరీ ఆసక్తికరం. ఐన్‌స్టీన్‌తో కలిపి పేరు వినిపించే ఈ సిద్ధాంతవేత్త పారిస్‌లో మారిస్ ద బ్రాయ్ ప్రయోగశాలలో ఎక్స్‌రే పద్ధతులు నేర్చుకున్నారు. ఢాకా తిరిగొచ్చాక ఎక్స్‌రే స్ఫటిక ప్రయోగశాలకు కావలసిన పరికరాలను స్వయంగా రూపొందించారు. కొనడానికి సొమ్ము లేని ఆ కాలంలో ఒక సౌలభ్యం ఉండేది. ఏం కొలవాలో తేలిన తర్వాతే పరికరం తయారయ్యేది. ఇప్పుడు క్రమం తిరగబడింది. సొమ్ము మంజూరవుతుంది, మార్చి 31లోగా ఖర్చు పెట్టాలి, యంత్రం వస్తుంది, ఆ తర్వాత దానితో ఏం చేయాలన్న చర్చ మొదలవుతుంది.

మొదటి మెలిక ట్యూబ్‌లోనే
ఎక్స్‌రే ట్యూబ్‌లో ఎలక్ట్రాన్లు తగిలే లోహపు దిమ్మెను బట్టి కిరణాల తరంగదైర్ఘ్యం ఉంటుంది. ఎక్కువ ప్రయోగశాలలు కళ్లు మూసుకుని రాగి ట్యూబ్ అడుగుతాయి. మందులకు, సిరామిక్స్‌కు, చాలా ఖనిజాలకు అది సరైనదే. బెంగాల్లో మాత్రం ఒక్క క్షణం ఆగాలి. బాంకుడా, బీర్భూమ్ జిల్లాల ఎర్రమట్టిలో ఇనుము ఎక్కువ. దుర్గాపూర్, జంషెడ్‌పూర్ ఉక్కు సంగతి చెప్పనక్కర్లేదు. రాగి కిరణాల శక్తి 8.05 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ఇనుప పరమాణువు తనంతట తాను ఎక్స్‌రేలు వెదజల్లడం మొదలుపెట్టే హద్దు 7.11. రాగి కిరణాలు ఆ హద్దు దాటి ఉంటాయి కాబట్టి ఇనుము ఉన్న నమూనా మొత్తం వెలిగిపోతుంది. గోలగా ఉన్న పెళ్లి పందిట్లో పక్కవాడి మాట వినబడనట్టు, ఆ నేపథ్యపు వెలుగులో చిన్న శిఖరాలు మునిగిపోతాయి. కోబాల్ట్ ట్యూబ్ కిరణాల శక్తి 6.93. హద్దుకు కాస్త కింద ఉండటం వల్ల ఇనుము నోరు మెదపదు. శక్తిని బట్టి కిరణాలను ఏరుకునే కొత్త తరం డిటెక్టర్లు రాగి ట్యూబ్‌తోనే ఈ రొదను చాలావరకు తగ్గిస్తాయి. అయితే వడపోతలో కొంత అసలు సంకేతమూ పోతుంది.

డెల్టా బంకమట్టిని చదవాలంటే సమస్య వేరు. న్యూ టౌన్ పునాదుల కింద ఉన్నది గంగ తెచ్చిన ఒండ్రు. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే స్మెక్టైట్ రకం బంకమట్టి తొలి శిఖరం రాగి కిరణాలతో 6 డిగ్రీల దగ్గర, ఇల్లైట్‌ది 8.8 దగ్గర, కేయోలినైట్‌ది 12.4 దగ్గర వస్తాయి. అంత చిన్న కోణాల్లో నేరుగా వచ్చే కిరణపుంజం వెలుగు కూడా డిటెక్టర్‌లో పడే ప్రమాదముంది. దాన్ని అడ్డుకునే చీలికలు, కత్తి అంచు పలక సరిగా లేకపోతే కోటి రూపాయల యంత్రమైనా బంకమట్టి ముందు గుడ్డిదే. అందుకే నిపుణుల మొదటి సలహా ఒకటే. యంత్రాల జాబితా పక్కనపెట్టి వచ్చే అయిదేళ్లలో తరచూ వచ్చే పది నమూనాల పేర్లు రాసుకోవాలి. ఆ కాగితమే సగం ఎంపికను తేల్చేస్తుంది.

చిన్నదా, పెద్దదా?
రెండో మెలిక పరిమాణం. బల్ల మీద పట్టే యంత్రాల శక్తి 300 నుంచి 600 వాట్లు ఉంటుంది. నేల మీద నిలిచే పూర్తిస్థాయి యంత్రంలో సీల్డ్ ట్యూబ్‌ను సాధారణంగా 40 కిలోవోల్టులు, 40 మిల్లీయాంపుల వద్ద నడుపుతారు. అంటే 1,600 వాట్లు. ఇందులో ఎక్స్‌రేలుగా మారేది ఒక శాతం లోపే, మిగతాదంతా వేడి. తిరిగే దిమ్మె ఉన్న రొటేటింగ్ యానోడ్ యంత్రాలు 9 కిలోవాట్ల దాకా వెళ్తాయి. వాటి నిర్వహణ ఖర్చూ అదే దారిలో పెరుగుతుంది.

ఎక్కువ వాట్లుంటే మేలన్నది సగం నిజం. గత రెండు దశాబ్దాల్లో అసలు విప్లవం డిటెక్టర్లలో వచ్చింది. పాత పద్ధతిలో డిటెక్టర్ ఒక్కో కోణం దగ్గర ఆగి లెక్క పెట్టేది. 10 నుంచి 90 డిగ్రీల దాకా 0.02 డిగ్రీల చొప్పున, ఒక్కో అడుగుకు రెండు సెకన్లు వెచ్చిస్తే మొత్తం 8,000 సెకన్లు, అంటే రెండుంపావు గంటలు. ఇప్పటి స్ట్రిప్ డిటెక్టర్లో వందకు పైగా సన్నటి గళ్లు ఒకేసారి లెక్కపెడతాయి కాబట్టి అదే పని నిమిషాల్లో ముగుస్తుంది. మంచి డిటెక్టర్ ఉన్న 600 వాట్ల యంత్రం పాత డిటెక్టర్ ఉన్న పెద్ద యంత్రాన్ని వేగంలో దాటిపోగలదు. పదార్థం ఏమిటో గుర్తించడం, విద్యార్థులకు నేర్పడం, రోజువారీ నాణ్యత పరీక్ష ప్రధానమైతే చిన్నదే చాలు.

మరి పెద్దదాని అవసరమెప్పుడు? చిన్న యంత్రంలో నమూనాకూ డిటెక్టర్‌కూ మధ్య దూరం సుమారు 150 మిల్లీమీటర్లు. పెద్దవాటిలో 240 నుంచి 300 దాకా ఉంటుంది. దూరం పెరిగితే పక్కపక్కనే ఉన్న శిఖరాలు విడివడతాయి. హ్యూగో రీట్‌వెల్డ్ 1969లో పూర్తిగా వివరించిన లెక్కింపు పద్ధతితో అణువుల స్థానాలు తేల్చాలన్నా, పలుచటి పూతలు పరీక్షించాలన్నా, నమూనాను వేడి చేస్తూ మార్పులు చూడాలన్నా పెద్ద యంత్రమే కావాలి. మందు పొడిని సన్నటి గాజు గొట్టంలో నింపి కిరణాలను దాని గుండా పంపే ఏర్పాటు కూడా ఇందులో సులువు. మరీ జటిలమైన నమూనాలకు ఏ గది యంత్రమూ సరిపోదు. అందుకు ఇండోర్‌లో 2.5 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల ఇండస్-2 సింక్రోట్రాన్ ఉంది. జపాన్‌లోని సుకుబాలో ఉన్న ఫోటాన్ ఫ్యాక్టరీలో భారతీయుల కోసం ఒక బీమ్‌లైన్ ఏర్పాటు చేయడంలో సాల్ట్ లేక్ సాహా ఇన్‌స్టిట్యూట్‌దే ప్రధాన పాత్ర. నూటికి ఒకటో రెండో నమూనాల కోసం యాభై లక్షలు అదనంగా పెట్టేకంటే అక్కడ సమయం కోసం దరఖాస్తు పెట్టుకోవడం తెలివైన పని.

కల్వం ఖరీదు తక్కువ, విలువ ఎక్కువ
అందరూ మరిచిపోయేది అన్నిటికంటే చవకైన భాగాన్ని. పొడి ఎంత మెత్తగా ఉంటే ఫలితం అంత నమ్మదగినది. పది మైక్రాన్ల లోపు ఉంటే మరీ మంచిది. దానికి కావలసింది ఆయుర్వేద వైద్యుల కల్వాన్ని పోలిన అగేట్ రాతి కల్వం, వీలైతే చిన్న మర. అభ్రకం వంటి పొరల ఖనిజాల పొడిని పై నుంచి అదిమితే రేకులన్నీ పేకముక్కల్లా ఒకే వైపు పడుకుంటాయి. కొన్ని శిఖరాలు ఆకాశాన్నంటుతాయి, కొన్ని మాయమవుతాయి. పక్క నుంచి నింపే నమూనా పళ్లెం ఉంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. నమూనా కొన్ని మిల్లీగ్రాములే ఉంటే తనకంటూ శిఖరాలు చూపని సిలికాన్ పలక కావాలి. యంత్రం నిజమే చెబుతోందా అని తేల్చుకోవడానికి అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ అమ్మే సిలికాన్, లాంథనమ్ హెక్సాబోరైడ్ ప్రమాణ పొడులూ ఉండాలి. ఇవి లేకుండా నానో రేణువుల పరిమాణం లెక్కకట్టి పత్రాలు రాస్తే ఆ అంకె రేణువుదో, యంత్రం సొంత లోపానిదో తేలదు. మొత్తం ఖర్చులో ఇది చాలా చిన్న వాటా. టెండర్ పత్రంలో తరచూ కనిపించనిదీ ఇదే.

టెండర్ తిరకాసు
ఇంత ఆలోచించాక అసలు పరీక్ష కొనుగోలు విభాగంలో ఎదురవుతుంది. ఈ యంత్రాల ప్రధాన తయారీదారులు విదేశీయులే. రిగాకు జపాన్‌ది. బ్రూకర్ ఈ యంత్రాలు తయారుచేసేది జర్మనీలో, మాల్వెర్న్ పానలిటికల్ నెదర్లాండ్స్‌లో. కేంద్రం 2020 మేలో రూ.200 కోట్ల లోపు కొనుగోళ్లకు గ్లోబల్ టెండర్లు వద్దంది. దేశీయ పరిశ్రమకు ఊతమివ్వాలన్న ఉద్దేశం మంచిదే అయినా దేశంలో ప్రత్యామ్నాయం లేని పరికరాల కోసం శాస్త్రవేత్తలు ప్రత్యేక అనుమతుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. చివరకు 2025 జూన్‌లో ఆర్థిక శాఖ పట్టు సడలించింది. పరిశోధన పరికరాల విషయంలో రూ.200 కోట్ల దాకా గ్లోబల్ టెండర్లను కేంద్ర సంస్థల డైరెక్టర్లు, వైస్ చాన్సలర్లే అనుమతించవచ్చని చెప్పింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు మాత్రం తమ ప్రభుత్వ ఆర్థిక నిబంధనలూ ఉంటాయి.

పన్ను మరో దెబ్బ. ప్రభుత్వ నిధులతో నడిచే పరిశోధన సంస్థల పరికరాలపై 5 శాతం రాయితీ జీఎస్టీని 2022 జులై 18 నుంచి తీసేశారు. 18 శాతం వర్తిస్తే కోటిన్నర యంత్రంపై పన్ను రూ.7.5 లక్షల నుంచి రూ.27 లక్షలకు పెరుగుతుంది. ఆ తేడాతో ఒక చిల్లర్, యూపీఎస్ వచ్చేవి.

టెండర్లో గెలిచేది సాంకేతిక షరతులు దాటినవారిలో తక్కువ ధర కోట్ చేసిన కంపెనీ. కాబట్టి షరతులు రాయడంలోనే ఎంపిక జరిగిపోతుంది. ఒక కంపెనీ కరపత్రాన్ని అక్షరం పొల్లుపోకుండా దించితే మిగతావాళ్లు ఫిర్యాదు చేస్తారు, ఒకే బిడ్ వస్తుంది, టెండర్ రద్దవుతుంది, ఏడాది గడుస్తుంది. మరీ వదులుగా రాస్తే అక్కరకు రాని చవక యంత్రం అంటగడతారు. నడిమి మార్గం పనితీరును అడగడం. ప్రమాణ పొడి శిఖరాలన్నీ ఉండాల్సిన చోటు నుంచి 0.01 డిగ్రీ లోపే ఉండాలి, అదీ మన గదిలో నిరూపించాలి అని రాస్తే ఏ కంపెనీ పేరూ ఎత్తనక్కర్లేదు. ఇంకా మంచి పని ఏమిటంటే టెండర్‌కు ముందే తమ సొంత పొడులు మూడింటిని అన్ని కంపెనీల ప్రదర్శన ప్రయోగశాలలకూ పంపి ఫలితాలు పోల్చుకోవడం. ఎర్రమట్టి ఒకటి, బంకమట్టి ఒకటి, మందు పొడి ఒకటి పంపితే సేల్స్ మాటలు చెప్పనివి ఆ గీతలు చెబుతాయి.

వారంటీ ముగిశాక ఎన్నేళ్ల నిర్వహణకు ఎంత అవుతుందో మొదటి బిడ్‌లోనే కోట్ చేయించాలి. ట్యూబ్ కొన్ని వేల గంటలు పనిచేశాక మార్చాల్సిందే. పదార్థాల వేలిముద్రల డేటాబేస్ లైసెన్సుకు విడిగా కట్టాలి. ఉచిత క్రిస్టలోగ్రఫీ ఓపెన్ డేటాబేస్, ఫుల్‌ప్రాఫ్, జీశాస్-2 వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లతో కొంత భారం తగ్గుతుంది. ఎక్స్‌రే యంత్రం కాబట్టి అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనలూ వర్తిస్తాయి. అన్నిటికీ మించి జీతం ఇచ్చి ఒక ఆపరేటర్‌ను పెట్టుకోవాలి. పరికరానికి నిధులిచ్చే పథకాలు మనిషికి ఇవ్వడంలో చేయి ముడుచుకుంటాయి. ప్రతి రెండేళ్లకూ మారే పరిశోధక విద్యార్థుల చేతుల్లో యంత్రం అరిగిపోయేది ఇందుకే.

కొనకపోవడమూ ఎంపికే
అసలు ప్రతి ప్రాంగణానికీ ఒక యంత్రం అవసరమా? విశ్వవిద్యాలయాల పరిశోధకులకు పెద్ద సదుపాయాలు అందుబాటులోకి తేవడం కోసమే యూజీసీ-డీఏఈ కన్సార్షియం పుట్టింది. దేశంలోని పరికరాలు ఎక్కడున్నాయో వెతికి, రుసుము కట్టి వాడుకునేందుకు 2020 జనవరిలో ఐ-స్టెమ్ పోర్టల్ మొదలైంది. పరికరాలు పంచుకోవాలంటూ 2022లో శ్రీమాన్ మార్గదర్శకాలూ వచ్చాయి. నెలకు ఇరవై నమూనాలున్న విభాగం సాల్ట్ లేక్ దాకా ఆటోలో వెళ్లి రావడం కంటే కోటి రూపాయలు పెట్టడం ఏ లెక్కన లాభం? మరోవైపు వరుసలో నిలబడి పరిశోధన చేయడం ఎంత కష్టమో విద్యార్థులకే తెలుసు. ఉదయం తయారైన నమూనాను సాయంత్రానికి చూడగలిగితే మర్నాడు ఏం చేయాలో తెలుస్తుంది. మూడు వారాల తర్వాత ఫలితం వస్తే మూడు వారాలు చీకట్లో నడిచినట్టే. కాబట్టి న్యూ టౌన్ వంటి చోట అర్థవంతమైన మధ్యేమార్గం ఒకటుంది. రోజువారీ పనికి చిన్న యంత్రం సొంతంగా పెట్టుకుని, కష్టమైన పనికి ఇరుగుపొరుగు ప్రాంగణాలు కలిసి ఒక పెద్ద యంత్రాన్ని, దానికో ఆపరేటర్‌ను పోషించడం.

ఇక చివరి మాట తేదీ గురించి. యంత్రం బిగించి, పరీక్షించి, అప్పగించే కార్యక్రమం తరచూ ఆర్థిక సంవత్సరం చివర్లో, కోల్‌కతా గాలి హాయిగా ఉండే రోజుల్లో ముగుస్తుంది. అప్పుడు అన్నీ చక్కగానే పనిచేస్తాయి. అదే మూడు పొడులను అదే గదిలో ఆగస్టు వానల్లో మరోసారి పరీక్షించాకే చివరి వాయిదా చెల్లిస్తామన్న ఒక్క వాక్యం ఒప్పందంలో ఉంటే చాలు. విశాఖలోనైనా ఆ వాక్యం పనికొస్తుంది.

ఏ లోహం, ఏ పని?

క్రోమియం: తరంగదైర్ఘ్యం 2.29 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఉక్కు భాగాల్లో మిగిలిపోయిన ఒత్తిడి కొలవడానికి.

కోబాల్ట్: 1.79 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఎర్రమట్టి, ఇనుప ఖనిజం, ఉక్కు నమూనాలకు.

రాగి: 1.54 ఆంగ్‌స్ట్రామ్‌లు. మందులు, సిరామిక్స్, సిమెంట్, చాలా ఖనిజాలకు. ఒకే ట్యూబ్ కొనగలిగితే సాధారణంగా ఇదే.

మాలిబ్డినం: 0.71 ఆంగ్‌స్ట్రామ్‌లు. కిరణాలను బాగా పీల్చుకునే నమూనాల గుండా దూసుకెళ్లడానికి. శిఖరాలన్నీ చిన్న కోణాల్లో కిక్కిరిసిపోవడం ఇబ్బంది.